ఉలుతేయాకి లేని స్తంభం

మా దీవుల్లో పొగడ్తకి కరువు లేదు. చేపలు పట్టుకొచ్చినవాణ్ణి పొగుడుతాం, ఉత్త చేతుల్తో తిరిగొచ్చినవాణ్ణి అంతకంటే ఎక్కువ పొగుడుతాం. అందులో నిజమెంత, మర్యాదెంత అన్నది విన్నవాడే వేరు చేసుకోవాలి. మా ఫాగావై ఊళ్ళో పాలు మరిచిన పిల్లలకి కూడా వచ్చిన విద్య అది. రానివాడు ఒక్కడే ఉన్నాడు. ఊరందరిలోకీ ఎక్కువ చదువుకున్నవాడు కూడా వాడే కావడం మా ఖర్మ.

వాడు అనకూడదులెండి, అరవైకి దగ్గరపడ్డ మనిషి. పెసామినో పేరు చెబితే ఆపియా పట్నంలో ఆఫీసర్లు కూడా కుర్చీ జరిపి కూర్చోబెడతారు. కుర్రతనంలో న్యూజిలాండ్ వెళ్ళి ఇళ్ళ నమూనాలు గీసే చదువు చదివి, ఆర్కిటెక్ట్ అనిపించుకుని తిరిగొచ్చాడు. అక్కడే ఉండిపోతే ఈపాటికి మేడలు కట్టేవాడు. ఉండలేదు. "అక్కడి ఇళ్ళకి ఊపిరాడదే అక్కా" అని తన అక్క మాతలేనాతో అన్నాడట. గాలి ఆడే ఇళ్ళు కడతానని వచ్చాడు, కట్టాడు. ఆ కట్టినవాటి గతి చెప్పమంటే మాత్రం ఏం చెప్పను.

పక్క అఖాతంలో బడి కట్టాడు. సముద్రం పొంగిన ఏడు బడి పునాదులతో సహా పోయింది. పట్నంలో కూరగాయల బజారు కట్టాడు. రోడ్డు వెడల్పు చేస్తామని పడగొట్టారు. ఇసుక ఒడ్డున హోటల్ కట్టాడు. అది మూతపడితే జనం తలుపులూ దూలాలూ ఎవరికి అందినవి వాళ్ళు మోసుకుపోయారు. ఒక ఊరికి చర్చి కట్టిచ్చాడు. "దీనికి రెండు గోపురాలేవయ్యా, పక్కూరి చర్చికి ఉన్నాయిగా" అని ఆ ఊరివాళ్ళే దాన్ని కూల్చి సిమెంటుతో ఇంకోటి లేపారు. ఒక్కోటీ పోయినప్పుడల్లా పెసామినో వెళ్ళి చూసొచ్చేవాడు. ఎవరైనా చనిపోతే చూసి రావడానికి వెళ్ళినట్టే, తెల్ల చొక్కా వేసుకుని వెళ్ళేవాడు.

చివరికి మిగిలింది ఒక్కటి. మా ఫాగావై సభ ఇల్లు. ఆయన మొట్టమొదట కట్టింది అదే, అన్నిట్లోకీ అందమైనదీ అదే. క్యాలెండర్ల మీద మీరు చూసే ఉంటారు.

సభ ఇల్లంటే మావాళ్ళకి గోడలుండవు. చుట్టూ స్తంభాలు, పైన చెరకు ఆకుల కప్పు, కింద గులకరాళ్ళ మీద చాపలు. ఆ స్తంభాలు కప్పు మొయ్యడానికే అనుకుంటే పొరపాటు. ఒక్కో స్తంభం ఒక్కో కుటుంబప్పెద్దది. పెద్ద పోతే కొడుకో మేనల్లుడో అదే పట్టం పేరు పెట్టుకుని వచ్చి, అదే స్తంభానికి వీపు ఆనించి కూర్చుంటాడు. మనిషి మారతాడు గానీ పేరు మారదు, స్తంభం మారదు. తాతల నాటి పాత ఇల్లు తుఫానుకి పడిపోతే, కొత్తది కట్టమని అప్పుడే చదువు ముగించి వచ్చిన పెసామినోకి అప్పగించారు.

కుర్రాడు సముద్రం వైపు ఒక స్తంభం తీసేశాడు. తీసేసి, ఆ ఖాళీ మీదుగా ఒంపు తిరిగిన ఒకే ఒక్క పెద్ద దూలం వేశాడు. సీమపనస కర్ర, ఒక్క మేకు లేదు, అన్నీ కొబ్బరి పీచు తాళ్ళ కట్లే. ఆ ఖాళీలోంచి సముద్రం మొత్తం ఇంట్లోకి వచ్చినట్టుండేది. పడమటి గాలి అటు దూరి ఇటు పోయేది. ఎండాకాలం మధ్యాహ్నం కూడా అక్కడ కూర్చుంటే ఒళ్ళు చల్లబడేది. నిజం చెప్పొద్దూ, అంత అందం మా తీరం మొత్తం మీద ఇంకోటి లేదు.

తీసేసిన స్తంభం ఉలుతేయా పట్టానిది. ఆ పట్టంలో ఉన్నది ఎవరో కాదు, పెసామినో మేనమామ.

నమూనా చూపించిన రోజున పెద్దలంతా ముసలి ఉలుతేయా వైపు చూశారట. ఆయన గొంతు సవరించుకుని, "పిల్లాడు చదువుకొచ్చాడు, కట్టనివ్వండి" అన్నాడు. అంతటితో అయిపోయింది. పోయేది ఆయన స్తంభం, అడ్డు చెప్పాల్సింది ఆయనే, ఆయనే సరేనంటే మిగతావాళ్ళు నోరెందుకు చేసుకుంటారు? ఇల్లు పూర్తయి మొదటి సభ జరిగిన సాయంత్రం పెసామినో పరుగెత్తుకెళ్ళి అడిగాడు.

"ఎలా ఉంది మావయ్యా?"

"గాలి బాగా తగుల్తోందిరా."

ఇంతకంటే మెప్పు ఏం కావాలి? ఆ మాట పట్టుకుని ముప్ఫై ఏళ్ళు బతికాడు ఈయన. పట్నం కాలేజీలో పాఠం చెప్పినప్పుడల్లా మొదట అదే చెప్పేవాడు. "ఇల్లు ఎలా ఉండాలంటే, చదువురాని మా మావయ్య ఒక్క ముక్కలో చెప్పాడు" అని మొదలుపెట్టేవాడు. పిల్లలు రాసుకునేవాళ్ళు.

ఇక్కడ ముసలాయన సంగతి చెప్పాలి. మా సభలో కాళ్ళు చాపకూడదు, బాసింపట్టు వెయ్యాలి. పొద్దున కూర్చుంటే ఒక్కోసారి మధ్యాహ్నం దాటుతుంది. మిగతా పెద్దలకి వెనక స్తంభం ఉంది. ఉలుతేయాకి వెనక సముద్రం ఉంది. నిటారుగా కూర్చునేవాడు, ఒక్కనాడు ఒరిగింది లేదు. సభ అయిన ప్రతిసారీ మేనకోడలు మాతలేనా ఆయన నడుముకి కొబ్బరినూనె కాచి మర్దనా చేసేది. పెసామినో చూసి, "వయసు మీద పడుతోంది మావయ్యకి" అనేవాడు. ఆమె ఇంకాస్త నూనె చేతిలో పోసుకునేది.

వీపు నొప్పి ఒక్కటే అయితే బాగానే ఉండును. స్తంభం లేని పెద్ద మెల్లగా కంటికి ఆనకుండా పోతాడు. సభలో ఆవా అనే వేళ్ళ కషాయం పంచేటప్పుడు పేరు పెట్టి పిలిచి కొబ్బరి చిప్ప అందిస్తారు గదా, ఆ వరసలో ఉలుతేయా పేరు ముందు మూడోదిగా ఉండేది. ఒక ఏడు అయిదోది అయింది. తర్వాత ఇంకా కిందికి జారింది. పంది కోసినప్పుడు హోదా ప్రకారం ఉలుతేయా ఇంటికి వెన్ను భాగం రావాలి. అది డొక్క అయింది, డొక్క పోయి కాళ్ళయ్యాయి. ఎవరూ కావాలని చేసింది కాదు. పంచే కుర్రాళ్ళు స్తంభాల వెంబడి కళ్ళు తిప్పుకుంటూ లెక్కపెడతారు, స్తంభం లేనిచోట కన్ను ఆగదు. మాతలేనా మాత్రం ఆ కాళ్ళు అందుకుని వండిన ప్రతిసారీ పళ్ళు కొరుక్కునేది.

నిరుడు ముసలాయన పోయాడు. పట్టం ఖాళీ అయింది. సరిగ్గా అప్పుడే ఊరి పెద్దలు సభ ఇల్లు దించేసి కొత్తది కట్టాలని తీర్మానించారు. ఆక్లాండ్‌లో, సిడ్నీలో ఉన్న మా ఊరి జనం చందాలు పంపారు. పట్నం కంట్రాక్టరు రంగుల బొమ్మ తెచ్చి చూపించాడు. సిమెంటు ఇటుకల గోడలు, అద్దాల కిటికీలు, పైన ఫ్యాన్లు, చుట్టూతా తెల్లటి స్తంభాలు, ఏ పట్టానికీ లోటు లేకుండా. బొమ్మ చూసి పెద్దలు మురిసిపోయారు.

మిగిలిన ఒక్కటీ పోతే పెసామినో బతుకంతా ఏం చేసినట్టు? ఆ మాట ఎవరితోనూ పైకి అనలేదు గానీ, మనిషి అన్నం మానేసినంత పని చేశాడు. మా ఊళ్ళో సభ తరఫున మాట్లాడే పెద్ద లేవావా. నాలుక పదునైన మనిషి. ఆయన దగ్గరికి వెళ్ళి, "అయ్యా, ఆ ఖాళీలో స్తంభం లేదనే కదా బాధ. పాత ఇంట్లోనే ఒక స్తంభం నిలబెట్టేస్తాను" అన్నాడు.

లేవావా చుట్ట పక్కన పెట్టి అడిగాడు. "అది దేన్ని మోస్తుంది నాయనా?"

పెసామినోకి అబద్ధం రాదు. "ఏమీ మొయ్యదండి. బరువంతా దూలం మీదే ఉంది. ఇది ఊరికే ఆనుకోవడానికి."

"ఏ బరువూ మొయ్యని స్తంభానికి ఆనుకునేవాడు ఏం పెద్దమనిషయ్యా? ముప్ఫై ఏళ్ళు స్తంభం లేకుండా కూర్చోబెట్టావు, ఇప్పుడు ఉత్తుత్తి స్తంభం ఇస్తానంటున్నావు. మీ మావయ్య బతికుంటే దీనికి కూడా సరే అనేవాడు పాపం, నీ మీద ప్రేమకొద్దీ."

ఆ మాటకి పెసామినో తల దించుకుని ఇంటికొచ్చేశాడు. తప్పు చేశానని తెలిసింది గానీ, ఎంత తప్పో తెలియలేదు.

ఇంతలో పట్నం నుంచి ఇంకో కబురు. ఆర్కిటెక్టుల సంఘం వాళ్ళు ఆయన జీవితకాలపు పనికి పతకం ఇస్తారట. సంఘం అధ్యక్షురాలు సియెనీ ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్న పిల్లే. తనే కారు తోలుకుంటూ వచ్చింది.

"సార్, సన్మానం ఏదో హోటల్లో వద్దు. మీ సభ ఇంట్లోనే చేద్దాం. ఇంకో మాట. ఊరి పెద్దలు సరేనంటే ఈ ఇంటిని మా సంఘం దత్తత తీసుకుంటుంది. కప్పు మార్చడం, కర్ర మార్చడం అంతా మాదే భారం. కొత్త హాలు పక్కన ఎక్కడైనా కట్టుకోమనండి. ఊరి నోట ఒక్క మాట రావాలి సార్, అంతే."

పెసామినో ఆ పిల్ల చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మళ్ళీ లేవావా దగ్గరికి పరుగెత్తాడు. లేవావా ఈసారి మెత్తగానే చెప్పాడు.

"పాత ఇంటి వల్ల లోటు జరిగింది ఉలుతేయా ఇంటికి. కొత్త ఇల్లు ఎందుకంటే అసలు కారణం అదే. రేపు ఉలుతేయా పట్టంలో ఎవరు కూర్చుంటే వాళ్ళు, మాకు ఈ ఇల్లే చాలని సభలో అంటే, మాకూ చాలు. ఇంకెవరూ కాదనరు."

సరిగ్గా ఆ వారంలోనే కుటుంబమంతా కూడి పట్టం ఎవరికా అని చూసుకుంది. మాతలేనా నోరు తెరిచి తమ్ముడి పేరు చెప్పింది. మావాళ్ళలో తమ్ముడికి అక్క దేవుడి తర్వాత దేవుడు. అక్క కంట తడి పెడితే తమ్ముడి ఇంట దీపం నిలవదంటారు. ఆమె మాట మీద ఇంకెవరూ మాట్లాడలేదు. పెసామినో అయితే ఆనందం పట్టలేకపోయాడు. ఇల్లు నిలబడటానికి కావలసిన ఒక్క మాట ఇప్పుడు తన నోట్లోనే ఉంది. దేవుడు తెచ్చి చేతిలో పెట్టాడనుకున్నాడు.

అందరూ వెళ్ళాక మాతలేనా ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఈ పట్టం నీకెందుకు ఇప్పించానో తెలుసా?"

"చదువుకున్నవాణ్ణని."

"చదువుకున్నవాళ్ళు ఊరినిండా ఉన్నారు. పోగొట్టింది నువ్వు. తెచ్చిపెట్టాల్సింది నువ్వు."

"మావయ్య ఎప్పుడూ ఒక్క మాట అనలేదక్కా. పైగా బాగుందన్నాడు. గాలి బాగా తగుల్తోందన్నాడు."

మాతలేనా తమ్ముడి మొహంలోకి చూసింది. చెబుదామనుకుని ఆగిపోయింది. "రేపు ఆయన కూర్చున్న చోట కూర్చుంటావుగా, నీకే తెలుస్తుంది" అని లేచింది.

పట్టాభిషేకం, పతకం రెండూ ఒక్క శనివారమే పెట్టుకున్నారు. ఒకే పందితో రెండు పెళ్ళిళ్ళన్నమాట, మా ఊరి పొదుపు అలాంటిది. పొద్దున్నే పెసామినోకి ఒంటికి నూనె రాసి, ముత్తవ్వల నాటి, బట్టలా మెత్తటి చాప నడుముకి చుట్టి, మెళ్ళో ఎర్రటి మొగలికాయల దండ వేశారు. పెద్దలంతా ఎవరి స్తంభానికి వాళ్ళు చేరగిలబడ్డారు. పెసామినోని తీసుకెళ్ళి సముద్రం వైపు ఖాళీలో కూర్చోబెట్టారు. తన చేత్తో తీసిన ఖాళీ అది. ముప్ఫై ఏళ్ళలో అక్కడ ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. పట్టం లేనివాడికి సభలో చోటుండదు కదా, ఎప్పుడు చూసినా బయట నిలబడి చూసిన ఇల్లే.

మొదట్లో హాయిగానే అనిపించింది. వెనకనుంచి గాలి వీపు మీద తగిలింది. మావయ్య మాట నిజమే అనుకున్నాడు. ప్రసంగాలు మొదలయ్యాయి. మా పెద్దలు మాట్లాడటం మొదలెడితే తెలుసుగా, దేవుడు భూమిని చేసిన దగ్గర్నుంచి వస్తారు. ఎండ చూరు దాటి చాపల మీదికి వచ్చేసరికి ఆయన నడుములో సన్నగా సలుపు మొదలైంది. ఒరుగుదామంటే వెనక ఏమీ లేదు. ఎదురుగా లేవావా స్తంభానికి వీపు ఆనించి, పిల్లిలా కళ్ళు సగం మూసుకుని కూర్చున్నాడు. మిగతా పెద్దలంతా అంతే. అందరి వీపులూ దేనికో ఒకదానికి ఆనుకుని ఉన్నాయి.

ఆవా పంచారు. గొంతెత్తి ఒక్కో పేరూ పిలిచారు. చిప్ప ఒక్కొక్కరికీ వెళ్ళింది. "ఉలుతేయా" అన్న పిలుపు వచ్చేసరికి గిన్నెలో అడుగంటింది. కొత్త పట్టం కట్టిన రోజున కూడా అంతే. పిలిచినవాడికి అది తప్పని తోచలేదు, అలవాటు. పెసామినో ఆ చేదు తాగి చిప్ప తిరిగి ఇచ్చాడు. సలుపు నడుము నుంచి మెడ దాకా పాకింది. బయట వెనకవైపు ఆడవాళ్ళలో మాతలేనా కూర్చుని ఉంది. ఆమె ఆయన్ని చూడటంలేదు, ఆయన వీపునే చూస్తోంది.

తర్వాత సియెనీ లేచింది. పాపం మంచి పిల్ల, గురువంటే ప్రాణం. ఆయన కట్టినవన్నీ ఒక్కోటీ చెప్పింది, పోయినవాటిని కూడా ఉన్నట్టే చెప్పింది. చివర్లో ఆయన వైపు చెయ్యి చూపించింది.

"మాకు మొదటి పాఠం సార్ తన మేనమామ మాటతో చెప్పారు. ఇదిగో, ఇప్పుడు సార్ కూర్చున్న చోటే కూర్చుని ఆయన అన్నారట. గాలి బాగా తగుల్తోందిరా అని. ఇల్లు కట్టేవాడికి ఇంతకంటే పెద్ద బహుమతి లేదని సార్ అనేవారు."

పట్నంవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఊరి పెద్దలు కొట్టలేదు. ఎవరో ముసలాయన ఒకరు గొంతులో నవ్వారు. ఇంకొకరు నవ్వబోయి, తల వంచుకుని చాప పోగులు లాగుతూ కూర్చున్నారు. వెటకారం కాదు. ఇంట్లో అమాయకుడైన పిల్లాడు అతిథుల ముందు నోరు జారితే పెద్దలు నవ్వుకుంటారే, ఆ నవ్వు.

ఆ నవ్వు విని పెసామినోకి తెలిసింది. ఆ చోట కూర్చున్న ఏ మనిషైనా, అడిగినవాడి మనసు నొప్పించకూడదనుకుంటే, ఇంకేం చెబుతాడు? అక్కడ మెచ్చుకోవడానికి ఉన్నది గాలి ఒక్కటే. మేనల్లుడు కళ్ళు మెరుస్తుండగా వచ్చి అడిగాడు, ఉన్నదాని గురించి చెప్పి పంపాడు ముసలాయన. ఈ ఊళ్ళో ప్రతివాడికీ తెలుసు. తనకొక్కడికే తెలియదు. తెలియకపోగా, ఆ మాట పట్టుకుపోయి ముప్ఫై ఏళ్ళు ఊరూరా చాటాడు. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి. ముసలాయన ఎన్ని సభలు ఇలా కూర్చున్నాడో తలుచుకుంటే ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా లేదు, అందరూ చూస్తున్నారు.

లేవావా స్తంభం దగ్గర సర్దుకుని కూర్చున్నాడు. "పట్నం పెద్దలు ఒక కోరిక కోరారు. ఈ ఇంటిని ఇలాగే ఉంచమంటున్నారు. సభకి అభ్యంతరం లేదు. ఉలుతేయా ఇంటి మాట ఏదైతే మా మాట అదే. చెప్పు ఉలుతేయా."

పెసామినో అని కాదు, ఉలుతేయా అన్నాడు. సియెనీ ఆశగా చూసింది. ఆ పిల్ల పక్కనే ఇత్తడి పలక ఉంది. ఇంటి పేరూ, కట్టినవాడి పేరూ చెక్కించి తెచ్చింది, స్తంభానికి బిగిద్దామని. ఒక్క మాట చాలు. ఆయన తల ఎత్తి దూలం చూశాడు. కుర్రతనంలో ఆ ఒంపు కోసం అడవంతా తిరిగి చెట్టు వెతికాడు. తన చేతులతో కట్టిన కట్లు, నల్లగా పొగచూరి, ఇంకా బిగువుగా ఉన్నాయి. ఇంకో యాభై ఏళ్ళు నిలుస్తుందని ఆయనకి తెలుసు.

అటు తిరిగి చూడకపోయినా, అక్క చూపు వీపు మీద తెలుస్తూనే ఉంది.

"దించెయ్యండి" అన్నాడు. అందరికీ వినబడేలా మళ్ళీ అన్నాడు. "ఈ ఇల్లు దించెయ్యండి. కొత్త ఇంట్లో ఉలుతేయాకి స్తంభం ఉండాలి."

లేవావా "విన్నాం ఉలుతేయా" అన్నాడు, చాలా మర్యాదగా. సియెనీ మొహం పాలిపోయింది. అయినా పతకం మెళ్ళో వెయ్యాలి కాబట్టి వచ్చి వేసింది. వేస్తూ మెల్లగా, "సార్, మరి ఈ పలక ఎక్కడ పెట్టమంటారు?" అంది.

"కార్లో పెట్టమ్మా" అన్నాడాయన.

మధ్యాహ్నం పంది కోసినప్పుడు పంచే కుర్రాళ్ళు వెన్ను భాగం మొత్తం అరిటాకులో పెట్టి మొట్టమొదట ఉలుతేయా ముందు పెట్టారు. లేవావా సైగ చేసి ఉంటాడు. మాతలేనా అది ఇంటికి తీసుకెళ్ళి, చేమ దుంపలతో వడ్డించి, మొదటి ముద్ద మేనమామ సమాధి రాయి మీద పెట్టి వచ్చి, వెక్కి వెక్కి ఏడ్చి, తర్వాత కడుపునిండా తింది. తమ్ముడు ఆకు ముందు కూర్చున్నాడు గానీ తినలేదు. ఆమె తినమని బలవంతపెట్టలేదు. సాయంత్రం నడుముకి కొబ్బరినూనె రాస్తానంటే వద్దన్నాడు.

ఇల్లు దించే రోజు ఊరి యువకులు గొడ్డళ్ళు పట్టుకొచ్చారు. పెసామినో తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. "నరకొద్దు. కింద ఎవరైనా ఉంటే చచ్చిపోతారు" అని, ఏ కట్టు ముందు కొయ్యాలో, ఏది చివర కొయ్యాలో దగ్గరుండి చూపించాడు. కట్టిన క్రమానికి సరిగ్గా వెనక్కి. ఇల్లు చప్పుడు లేకుండా కిందికి దిగింది. దూలం మాత్రం దింపేటప్పుడు చీలింది. చర్చి వంటల దగ్గర దాన్ని పొయ్యిలో పెట్టారు, ఎండిన సీమపనస కర్ర బాగా మండుతుంది.

కొత్త హాలు ప్రారంభం అయిన రోజు లోపల నేల మీద టైల్సు మెరిశాయి. అద్దాల కిటికీలు బిగించి ఉన్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. సముద్రం ఎటుందో తెలియదు. గోడ చుట్టూ వరసగా తెల్లటి స్తంభాలు, ఒక్కో దాని మీద ఒక్కో పట్టం పేరు. ముందు నుంచి మూడోదాని మీద ఉలుతేయా అని ఉంది. ఈసారి ఆడవాళ్ళని కూడా లోపలే కూర్చోబెట్టారు. మాతలేనా కొత్త బట్టలు కట్టుకుని, తమ్ముడికి కనిపించేలా కూర్చుంది. అంత సంతోషంగా ఆమెని ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు.

పెసామినో వెళ్ళి స్తంభానికి వీపు ఆనించాడు. ఆనిస్తూ, ఇళ్ళు కట్టేవాళ్ళ అలవాటు చొప్పున, వెనక్కి చెయ్యి పెట్టి వేలి మెటికతో ఒకసారి తట్టాడు.

డొల్లగా మోగింది.

పక్కదాన్ని చూశాడు. పైకి చూశాడు. కప్పు బరువంతా సిమెంటు ఇటుకల గోడలు మోస్తున్నాయి. స్తంభాలు గొట్టాలు. అందం కోసం గోడకి తగిలించి తెల్ల సున్నం వేశారు. ఉలుతేయాదే కాదు, లేవావాదీ అంతే, ఊరి పెద్దలందరివీ అంతే. ఒక్కటి కూడా దేన్నీ మొయ్యడం లేదు. ఎదురుగా లేవావా తన గొట్టానికి చేరగిలబడి, సుఖంగా కళ్ళు మూసుకున్నాడు. ఆ హాల్లో ఈ సంగతి తెలిసిన మనిషి పెసామినో ఒక్కడే.

ఆవా వచ్చింది. "ఉలుతేయా" అని మూడో పేరుగా పిలిచారు. తాగి చిప్ప ఇచ్చేశాడు. లోపల ఉక్కగా ఉంది, నూనె రాసిన ఒళ్ళంతా చెమట కారుతోంది.

సభ ముగిశాక మాతలేనా టైల్సు మీదుగా గబగబా వచ్చి ఎదురుగా కూలబడింది. కళ్ళు మెరుస్తున్నాయి.

"ఎలా ఉందిరా?" అని అడిగింది.

ఆయన వీపు కదపకుండా అక్క మొహంలోకి చూశాడు.

"చాలా హాయిగా ఉందక్కా" అన్నాడు.